దాచిందెవరు?

ఆరోగ్య బీమా ప్రపోజల్ ఫారంలో "గత వైద్య చరిత్ర" అనే భాగం చూడ్డానికి చాలా అమాయకంగా ఉంటుంది. మీకెప్పుడైనా ఆపరేషన్ జరిగిందా? ఆస్పత్రిలో చేరారా? బి.పి., షుగరు, గుండెజబ్బు, క్షయ, మూర్ఛ, మానసిక వ్యాధి, స్త్రీలకు సంబంధించిన వ్యాధులు ఉన్నాయా? ఎదురుగా రెండే గళ్ళు: అవును, కాదు. ఆ గడిలో టిక్కు పెట్టాలంటే ఒక స్త్రీకి ఏమేం ఉండాలో ఎప్పుడైనా ఆలోచించామా? తన ఒంటికి ఏం జరిగిందో ఆమెకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. చెప్పినదాన్ని రాసిన కాగితం ఆమె దగ్గర ఉండాలి. ప్రశ్న ఆమె చదవగలిగే భాషలో ఉండాలి. జవాబు చెప్పేటప్పుడు పక్కన భర్తో, అత్తో, బావో లేకుండా ఉండాలి. కర్నూలు, కడప జిల్లాల్లో స్త్రీల ఆరోగ్యం గురించి పదిహేనేళ్ళుగా తిరుగుతున్నాను. ఈ నాలుగూ ఒకేసారి అమరిన ఆడవాళ్ళు నాకు బహు తక్కువమంది కనిపించారు.

కాని ఆ గడిలో "కాదు" అని టిక్కు పడిందంటే అది ఆమె మాట అయిపోతుంది. ప్రీమియం కట్టించుకున్నంత కాలం ఆ ఫారం ఎవరూ తిరగెయ్యరు. ఆస్పత్రి బిల్లు వచ్చిన రోజున దుమ్ము దులిపి బయటికి తీస్తారు. అంతవరకూ ఖాతాదారు, కస్టమరు, "మేడం" అయిన మనిషి ఆ రోజు నుంచి వాస్తవాలను దాచిపెట్టిన మోసకారి అవుతుంది.

నేనడిగేది ఒక్కటే ప్రశ్న. దాచిందెవరు?

ఆదోని వైపు పల్లెలో పుట్టి, పెళ్ళయి కర్నూలు చేరిన ఒక స్త్రీ సంగతి చెబుతాను. ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేసేది. ఇరవై ఏడో ఏట తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పని ఆర్.ఎం.పి. దగ్గరికి పోతే ఆయన పట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌కు పంపాడు. స్కానింగు చేసి, గర్భసంచికి పుండయింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది అన్నారు. ఆ మాట కూడా ఆమెతో అనలేదు, ఆమె మొగుడితో అన్నారు. గర్భసంచి తీసేశారు. అండాశయాలు తీశారో లేదో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. ఇంటికి వచ్చేటప్పుడు చేతికిచ్చింది మందుల చీటీ ఒక్కటే. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత బెంగుళూరులో పనిచేసే కొడుకు ఆమె పేరున ఆరోగ్య బీమా తీసుకున్నాడు. ఫారం ఏజెంటు నింపాడు, ఇంగ్లీషులో. ఆమె సంతకం పెట్టింది. మూడో ఏడాది గుండెకు స్టెంటు వేయించుకోవలసి వచ్చింది. కంపెనీ పంపిన విచారణాధికారి ఆస్పత్రి కేసు షీటులో పాత ఆపరేషన్ సంగతి రాసివుండడం చూశాడు. క్లెయిం తిరస్కరించారు. గతంలో జరిగిన శస్త్రచికిత్సను వెల్లడించలేదు కాబట్టి చెల్లించం అని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం నేను చదివి వినిపిస్తే ఆమె అన్న మాట: "అదేం రోగమా మేడం, అది అందరికీ అయ్యేదే గదా! మా వీధిలో గర్భసంచి ఉండేవాళ్ళు ఎంతమందో లెక్కబెట్టండి."

ఆమె అన్నది అతిశయోక్తే, కాని గాలిలోంచి వచ్చింది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారిగా గర్భసంచి తొలగింపు గురించి దేశమంతటా అడిగింది. 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో దేశం మొత్తమ్మీద 3.2 శాతం మందికి ఆ ఆపరేషన్ జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం మందికి జరిగింది. దేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. తర్వాతి స్థానం తెలంగాణది, 7.7 శాతం. ఆపరేషన్ అయిన వాళ్ళ మధ్యస్థ వయసు దేశంలో 34 ఏళ్ళు. అంటే సగం మందికి ముట్లుడిగే వయసుకు పదేళ్ళ ముందే గర్భసంచి పోయింది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. అవసరం లేకుండా చేస్తున్న ఈ ఆపరేషన్ల మీద దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలు 3 నెలల్లో అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో చెప్పవలసి వచ్చింది. మన రాష్ట్రానికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఈ పత్రిక చదివేవాళ్ళకు అసలే కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారుతాయని, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని వైద్యశాస్త్రమే చెబుతుంది. లాభం కోసం ఒక నర్సింగ్ హోమ్ చేసిన పని ఆమె గుండె మీదికి వచ్చింది. ఆ గుండెకు డబ్బు అడిగితే, ఆ ఆపరేషన్ సంగతి నువ్వు దాచావు కాబట్టి ఇవ్వమని ఇంకొక కంపెనీ అంటోంది. మొదటివాడు చెప్పకుండా దాచాడు. రెండోవాడు దాచినందుకు శిక్ష వేశాడు. శిక్ష మాత్రం దాచినవాడికి పడలేదు.

బీమా కంపెనీలకు ఈ ఆపరేషన్ సంగతి తెలియదా? చక్కగా తెలుసు. 1986లో ప్రభుత్వ రంగ కంపెనీలు తెచ్చిన మెడిక్లెయిం పాలసీలోనే, మొదటి ఏడాది డబ్బు చెల్లించని వాటి జాబితాలో శుక్లాలు, వరిబీజం, మూలశంకల పక్కన గర్భసంచి ఆపరేషన్ కూడా ఉంది. ఇప్పటి పాలసీల్లో ఆ నిరీక్షణ కాలం చాలాచోట్ల రెండేళ్ళయింది. అంటే ఈ దేశపు స్త్రీలకు ఇది ఎంత మామూలుగా జరుగుతోందో తెలిసే కంపెనీలు ముందుజాగ్రత్త పడ్డాయి. డబ్బు మిగుల్చుకోవడానికి ఇది అందరికీ జరిగేది. క్లెయిం ఎగ్గొట్టడానికి మాత్రం ఆమె ఒక్కతే దాచిన రహస్యం.

ఇప్పుడు కాగితాల సంగతికి వద్దాం. భారత వైద్యమండలి 2002 నాటి నియమావళి ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులను డాక్టరు చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్ళపాటు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ళ తర్వాత చించి పారేసినా అడిగేవాడు లేడు. కాని ప్రపోజల్ ఫారం అడిగేది మూడేళ్ళ చరిత్ర కాదు, "ఎప్పుడైనా" అని అడుగుతుంది. చదువుకున్న డాక్టరు, బీరువాలు, గుమాస్తాలు ఉన్న ఆస్పత్రికి జ్ఞాపకం మూడేళ్ళు. ఆలూరు, కోసిగి పల్లెల నుంచి ఏడాదికి నాలుగు నెలలు ఇంటికి తాళం వేసి, గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే మనిషికి మాత్రం యావజ్జీవం. ఆమె ఆ చీటీ ఎక్కడ దాచుకోవాలి? గుడిసెలో గోతాం కిందనా?

ఆ చీటీ ఉన్నా ఏముంటుంది దాన్లో? నాకు చాలామంది ఆడవాళ్ళు పాత చీటీలు చూపించారు. బలానికి మాత్రలని అనుకుని ఏళ్ళ తరబడి మింగినవి మానసిక ఆందోళనకు రాసినవి. గ్యాస్ట్రిక్ అని చెప్పి పంపినది బి.పి. మొదలవడం. కాన్పు ముందు చేసిన రక్తపరీక్షల ఫలితాన్ని గర్భిణితో కాక ఆమె అత్తగారితో చెప్పడం మన దగ్గర మర్యాద కింద చెలామణీ అవుతోంది. స్త్రీలు తమ శరీరం గురించి తాము తెలుసుకోవాలని 1990ల మొదట్లో హైదరాబాదు మిత్రులు "సవాలక్ష సందేహాలు" తెచ్చినప్పుడు, ముందు శరీరాన్ని భయం లేకుండా చూడగలిగితే చాలనుకున్నాం. ఇన్నేళ్ళ తర్వాత ఆ తెలియకపోవడానికే జరిమానా వేసే వ్యాపారం వచ్చి కూచుంది.

"పిల్లల ఆపరేషన్" సంగతి ఇంకా విచిత్రం. మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో మూడింట రెండు వంతులకు పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. రాజ్యం లక్ష్యాలు పెట్టి, క్యాంపులు పెట్టి చేసిన పని అది. ప్రొద్దుటూరులో ఒక గుంపుతో మాట్లాడుతూ, మీలో ఎవరికైనా ఆపరేషన్ జరిగిందా అని ఫారంలో ఉన్నట్టే అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా అని అడిగితే ఒక్కరు తప్ప అందరూ ఎత్తారు. "అది ఆపరేషన్ లెక్కలోకి వస్తాదా అక్కా?" అని ఒకామె నిజంగానే అడిగింది. వీళ్ళు దాచిపెట్టారా, లేక ప్రశ్న అడిగినవాడికి వాళ్ళ భాష రాదా?

భాష అంటే గుర్తొచ్చింది. బీమా నియంత్రణ సంస్థ 2002లో పాలసీదారుల ప్రయోజనాల కోసం చేసిన నియమాల్లో, బీమా ఫారాలను రాజ్యాంగం గుర్తించిన భాషల్లో అందుబాటులో ఉంచవచ్చు అని రాసింది, అదీ "పరిస్థితులను బట్టి". ఉంచాలి అనలేదు, ఉంచవచ్చు అంది. చెప్పి తీరవలసిన బాధ్యత ఆమెది. ఆమెకు అర్థమయ్యేలా అడగడం మాత్రం వాళ్ళ దయ.

ఈ "చెప్పి తీరాలి" అనే సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది? న్యాయశాస్త్రంలో దీన్ని పరమ విశ్వాస సూత్రం అంటారు. దీనికి మూలంగా అందరూ చూపించేది ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ 1766లో చెప్పిన కార్టర్, బోహెమ్ కేసు తీర్పు. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీకి మార్ల్‌బరో కోట ఉండేది. దాని గవర్నరు, శత్రువు కోటను పట్టుకుంటే తనకు నష్టం రాకుండా లండన్‌లో బీమా చేయించాడు. ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు. కోట బలహీనంగా ఉందని నువ్వు చెప్పలేదు అన్నాడు బీమాదారు. ఎక్కడో సముద్రం అవతల ఉన్న కోట గురించి అక్కడున్న గవర్నరుకే తెలుస్తుంది, లండన్‌లో కూచున్నవాడికి తెలియదు, కాబట్టి తెలిసినవాడు చెప్పాలి. సూత్రం ఇది. ఇద్దరు వ్యాపారుల మధ్య పుట్టిన సూత్రం. అందులోనూ సరదా ఏమిటంటే ఆ కేసులో ఓడిపోయింది బీమాదారు! అతను అడిగి తెలుసుకోగలిగినవి అడగకుండా, డబ్బు తీసుకుని, తర్వాత చెప్పలేదనడం కుదరదన్నారు. మన కంపెనీలు ఆ తీర్పులో తమకు కావలసిన సగాన్ని మాత్రమే రెండున్నర శతాబ్దాలుగా మోస్తున్నాయి.

ఆ సూత్రాన్ని కన్న దేశమే దాన్ని వదిలేసింది. బ్రిటన్‌లో 2012లో చేసిన వినియోగదారుల బీమా చట్టం, మామూలు మనిషి తనంతట తాను అన్నీ చెప్పాలన్న బాధ్యతను తీసేసింది. అడిగిన ప్రశ్నకు తగు జాగ్రత్తతో తప్పుడు జవాబు చెప్పకుండా ఉంటే చాలు. స్పష్టంగా అడగవలసిన పని కంపెనీది. తెల్లవాడి వలస కోట కోసం పుట్టిన సూత్రం తెల్లవాడి దగ్గర పోయి, కర్నూలు ఆయా మెడకు మిగిలింది.

మన న్యాయస్థానాలు ఏమన్నాయి? 2009లో సత్వంత్ కౌర్ సంధూ కేసులో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. ఆ పాలసీదారుకు అంతకుముందే షుగరు, మూత్రపిండాల వ్యాధి ఉన్నాయి, చెప్పలేదు. ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకునే హక్కు దరఖాస్తుదారుకు లేదంది కోర్టు. కాని అదే తీర్పులో ఇంకొక మాట ఉంది. చెప్పవలసింది తనకు తెలిసిన విషయాలనే, తెలిసి ఉండవలసిన వాటిని కాదు. కంపెనీల న్యాయవాదులు ఈ మాట దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. 2015లో సుల్భా మోటెగావ్‌కర్ కేసులో, నడుము వెన్నుపూస జబ్బు చెప్పలేదని, గుండెజబ్బుతో పోయిన మనిషి జీవితబీమా డబ్బు ఆపడం తప్పని అదే కోర్టు అంది. 2021 డిసెంబరులో మన్మోహన్ నందా కేసులో, మనిషిని పరీక్ష చేయించి, అతని ఆరోగ్యస్థితి చూసి పాలసీ ఇచ్చిన తర్వాత పాత జబ్బు పేరుతో ఎగ్గొట్టడానికి వీల్లేదంది. మంచి తీర్పే. కాని ఆయన అమెరికా ప్రయాణానికి బీమా తీసుకున్న మనిషి. షుగరు ఉందని చెప్పాడు, డాక్టరు పరీక్ష చేశాడు, కాగితాలున్నాయి, సుప్రీంకోర్టు దాకా పోగలిగాడు. మన ఆయాను పరీక్ష చేసిన డాక్టరు ఎవరూ లేరు. ఫోనులో ఒక ఓ.టి.పి. చాలు పాలసీ రావడానికి.

స్త్రీని ఆమె శరీరం గురించి ఎంతవరకు అడగవచ్చు అన్న ప్రశ్న మీద కోర్టు ఎప్పుడో మాట్లాడింది. అదీ బీమా సంస్థ గురించే. నీరా మాథుర్ జీవిత బీమా సంస్థలో ఉద్యోగంలో చేరి, ప్రొబేషన్‌లో ఉండగా ప్రసూతి సెలవు తీసుకుంది. చేరేటప్పుడు ఇచ్చిన డిక్లరేషన్‌లో చివరి ముట్టు తేదీ తప్పు రాసిందని 1990లో ఆమెను తీసేశారు. ఆ డిక్లరేషన్‌లో ఏమడిగారో చూడండి. ముట్లు క్రమంగా, నొప్పి లేకుండా వస్తాయా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావం అయిందా, చివరి ముట్టు ఎప్పుడు. ఇవి స్త్రీకి అవమానకరమైన ప్రశ్నలని, ఆ గళ్ళు తీసేయమని, ఆమెను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమని 1991 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో దీన్ని మనం పెద్ద విజయంగా చెప్పుకున్నాం. ఉద్యోగం ఫారంలోంచి పోయిన ఆ ప్రశ్నలు పాలసీ ఫారంలో మాత్రం దర్జాగా ఉన్నాయి. స్త్రీలకు విడిగా ఇచ్చిన గళ్ళలో, ఇప్పుడు గర్భవతివా, చివరి కాన్పు ఎప్పుడు, గర్భస్రావం గాని సిజేరియన్ గాని అయిందా అని అడుగుతూనే ఉన్నారు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలను డాక్టరు ఎవరికీ చెప్పకూడదని, చట్టం అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప అని, 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం అంటోంది. డాక్టరు నోరు విప్పితే నేరం. ఆమె నోరు విప్పకపోతే మోసం!

ఈ నోరు విప్పడం ఎక్కడ జరుగుతుంది? కంపెనీ వాళ్ళ ఊహలో ఒక గదిలో, ఒక బల్ల ముందు, స్త్రీ ఒంటరిగా కూచుని ఆలోచించి రాస్తుంది. కడపలో నేను చూసింది వేరు. ఏజెంటంటే పరాయివాడు కాడు. మేనమామ కొడుకో, తోటికోడలి తమ్ముడో. నడింట్లో మంచం మీద కూచుని, టీ తాగుతూ ఫారం నింపుతాడు. పెళ్ళికి ముందు పుట్టింట్లో క్షయకు మందులు వాడిన సంగతి అత్తవారికి తెలియకుండా పదేళ్ళు కాపురం చేసిన స్త్రీని నాకు తెలుసు. "మీ వదినకేమన్నా పాత జబ్బులున్నాయా బావా?" అని ఏజెంటు అడిగితే "యాడివి, గుండ్రాయి లెక్కుంది" అని బావగారే జవాబు చెప్పాడు. ఆమె వంటింట్లో ఉంది. బయటికి వచ్చి, నాకు క్షయ వచ్చింది అని ఆమె చెప్పి ఉండవలసిందని బీమా చట్టం అంటుంది. చెబితే ఆ రాత్రి ఆమెకు ఏమవుతుందో బీమా చట్టానికి అక్కరలేదు. కుటుంబాన్ని ఒక యూనిట్ అనుకునే ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలో, ఇంటి పెద్ద రాసిందే అందరి ఆరోగ్యం. ఆయనకు తెలియనిది, ఆయనకు తెలియకూడనిది అన్న ఆలోచనకే అక్కడ చోటు లేదు.

సరే, చెబితే ఏమవుతుంది? నా సంగతే చెబుతాను. నాకు ఇంగ్లీషు వచ్చు, సోషియాలజీలో డాక్టరేటు ఉంది, స్కానింగు రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలులో ఉన్నాయి. గర్భసంచిలో గడ్డలున్నాయని, మందులు వాడానని, ఆపరేషన్ వద్దనుకున్నానని నా చేత్తో నేనే రాసి ఇచ్చాను. ఆరు వారాల పాటు పరీక్షలన్నారు, పాత చీటీలన్నారు, చివరికి మీ ప్రతిపాదనను అంగీకరించలేకపోతున్నాం అని రెండు వాక్యాల ఉత్తరం పంపారు. ఆ కంపెనీ పేరు ఎందుకులెండి. ప్రొద్దుటూరు ఏజెంటు, ఆమె కూడా స్త్రీయే, నాకిది ముందే చెప్పింది: "అన్నీ అవునని రాస్తే పాలసీ రాదక్కా. కాదని రాస్తే క్లెయిం రాదు. నాకు కమీషన్ వచ్చేది పాలసీ వస్తేనే." మొత్తం వ్యవస్థ అర్థశాస్త్రం ఈ మూడు వాక్యాల్లో ఉంది.

నిజాయితీగా చెప్పినవాళ్ళ సొమ్ముతో దాచినవాళ్ళకు చెల్లించాలా అని నన్నడుగుతారు. సభల్లో మొదట లేచే ప్రశ్న ఇదే. క్యాన్సర్ ఉందని డాక్టరు చెప్పిన మరుసటి వారం పాలసీ తీసుకుని "కాదు" అని రాసినవాళ్ళు ఉండరని నేననను. ఆ మోసాన్ని కంపెనీ రుజువు చేసుకోనీ. కాని అందరినీ ఆ ఒక్కరి లెక్కలో చూడడానికి అది సాకు కాకూడదు. ఇంకొక సంగతి, ఈ ప్రశ్నలు అందరినీ అడుగుతారనుకుంటే పొరపాటు. పెద్ద కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీలో మామూలుగా పాత జబ్బులకు మొదటి రోజు నుంచే చెల్లిస్తారు, ఎవరి ముట్ల చరిత్రా అడగరు. 2013లో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల హెల్త్ స్కీమూ అంతే. స్థిరమైన ఉద్యోగం ఉన్నవాళ్ళను, అంటే ఎక్కువగా మగవాళ్ళను, ఏమీ అడగకుండా నమ్ముతారు. బడి ఆయా, కుట్టుపని చేసేది, చిన్న అంగడి పెట్టుకున్నది, వీళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి తమ ఒళ్ళు విప్పి చూపించుకోవాలి. నష్టభయాన్ని పదిమందికీ పంచడమే బీమా అయితే, పంచుకోవడం సాధ్యమేనని ఈ పథకాలే చూపిస్తున్నాయి.

2007లో, కడప జిల్లా మనిషి ముఖ్యమంత్రిగా ఉండగా, మొదలైన ఆరోగ్యశ్రీని చూడండి. దాని మీద నాకు చాలా విమర్శలున్నాయి. ప్రభుత్వ ఆస్పత్రులకు పోవలసిన డబ్బును కార్పొరేటు ఆస్పత్రులకు మళ్ళించిందన్నది వాటిలో పెద్దది. కర్నూలు పెద్దాసుపత్రి వరండాల్లో నేల మీద పడుకున్న రోగులను చూసినవాళ్ళకు అది వివరించనక్కరలేదు. కాని ఒక్క విషయంలో అది సరిగ్గా ఆలోచించింది. తెల్లకార్డు ఉందా అని అడిగిందే గాని, నీకు ముందే జబ్బుందా అని అడగలేదు. ఉన్న జబ్బులన్నిటికీ మొదటి రోజు నుంచే వర్తించింది. దాని పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది. 2024 నుంచి అది ఎన్.టి.ఆర్. వైద్య సేవ. ఆ గుణం మాత్రం పోలేదు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల రూపాయల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆపైన ట్రస్టు ద్వారా నడిచే మిశ్రమ పద్ధతికి ఆమోదం తెలిపింది. కుటుంబాలన్నిటికీ వర్తింపజేస్తామంటున్నారు. మంచిదే. మహిళాసంఘాలు కన్ను వేయవలసింది ఒప్పందంలోని చిన్న అక్షరాల మీద. కంపెనీ మధ్యలోకి వచ్చాక "నీకు ముందే ఉంది గదా" అన్న ప్రశ్న ఏ దారినా లోపలికి రాకుండా చూడాలి.

బీమా నియంత్రణ సంస్థ 2024లో కొన్ని మార్పులు చేసింది. ముందే ఉన్న జబ్బు అంటే పాలసీకి 36 నెలల లోపు డాక్టరు గుర్తించినది లేదా చికిత్స చేసినది మాత్రమే. దానికి నిరీక్షణ కాలం 36 నెలలు మించకూడదు. ఇంతకుముందు అది 48. అయిదేళ్ళు వరసగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిం కాదనకూడదు. ఇంతకుముందు ఎనిమిదేళ్ళుండేది. ఇవి చిన్న మార్పులు కావు. కాని నిర్వచనం 36 నెలలయినప్పుడు ఫారంలో "ఎప్పుడైనా" అన్న మాట ఇంకా ఎందుకుండాలి? ఇరవై ఏళ్ళ నాటి గర్భసంచి గురించి, పాతికేళ్ళ నాటి గర్భస్రావం గురించి అడగడం దేనికి? ఎర వేసి కూచోవడానికి కాకపోతే! ఫారం తెలుగులో ఉండాలి. స్త్రీకి సంబంధించిన ప్రశ్నలు ఆమెనే, విడిగా, ఇంటివాళ్ళు లేనిచోట, ఏజెంటు కాని ఒక మనిషి చదివి అడగాలి. గర్భస్రావం గడి మొత్తంగా పోవాలి. ప్రీమియం తీసుకునే ముందే పరీక్ష చేయించాలి, చేయించని కంపెనీకి తర్వాత నోరు ఉండకూడదు. వచ్చిన జబ్బుకూ చెప్పని సంగతికీ సంబంధం లేకపోతే క్లెయిం ఆపకూడదు. నర్సింగ్ హోమ్ చేసిన ప్రతి ఆపరేషన్‌కూ, ఏ అవయవం తీశారో ఎందుకు తీశారో తెలుగులో రాసిన కాగితం ఆమె చేతికే, భర్త చేతికి కాదు, ఇవ్వాలి.

మన సంఘాలు కూడా అవగాహన సదస్సుల్లో "అమ్మా, అన్నీ దాచకుండా చెప్పండి" అని బోధిస్తున్నాయి. సదస్సుల్లో నేనూ అదే చెబుతాను. ఇప్పుడున్న పరిస్థితిలో, తెలిసినంతా ఫారం మీదే రాయించమని చెప్పకపోతే నష్టపోయేది వాళ్ళే. కాని బోధ అంతటితో ఆగిపోతే మనం కంపెనీకి జీతం లేని ఏజెంట్లమవుతాం. చెప్పమని స్త్రీకి బోధించినంత గట్టిగా, ఆమెకు చెప్పమని డాక్టర్లను నిలదీసిన సదస్సు ఒకటి కర్నూల్లో గాని కడపలో గాని ఎప్పుడు పెట్టాం?

ఈలోగా పాలసీ ఉన్నవాళ్ళు చేయవలసిన పని ఒకటుంది. మీరు సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం నకలు కంపెనీని అడగండి. దాన్ని ఉచితంగా ఇవ్వాలని 2002 నాటి నియమాల్లోనే ఉంది. చదివించుకోండి. తప్పుగా "కాదు" అని ఉంటే, క్లెయిం రాకముందే రిజిస్టరు పోస్టులో రాసి పంపి, రసీదు దాచుకోండి. క్లెయిం ఇప్పటికే తిరస్కరించి ఉంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. కాదంటే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు రాయవచ్చు. ఖర్చు లేదు, లాయరు అక్కరలేదు. అంత దూరం పోలేనివాళ్ళకు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం, కంపెనీ ఆఫీసు బొంబాయిలో ఉన్నా మీరు నివాసం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ళ లోపు. అయిదు లక్షల లోపు ప్రీమియాలకు ఫీజు లేదు. ఫిర్యాదులో ముందుగా ఈ మూడూ రాయండి: ఫారం ఎవరు నింపారు, ఏ భాషలో ఉంది, నింపేటప్పుడు గదిలో ఎవరెవరున్నారు.